ఒక వైపు మూగబోయిన ట్యూబు యాంప్లిఫయర్

ప్రశ్న: ఒక 12ఏయూ7, ఒక 6080 ట్యూబుతో హెడ్‌ఫోన్ యాంప్లిఫయర్ సొంతంగా కట్టాను. అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ లేని పద్ధతి. మొదటిసారి స్విచ్ వేసినప్పటి నుంచీ ఎడమ ఛానల్ చక్కగా పలుకుతోంది. కుడివైపు మాత్రం నిశ్శబ్దం, హమ్ కూడా లేదు. రెండు ట్యూబులూ కొత్తవి తెచ్చి మార్చాను. కుడివైపు టంకాలన్నీ మళ్ళీ వేశాను. ఫలితం లేదు. మీటరుతో కొలిస్తే ప్లేటు సరఫరా 172 వోల్టులు ఉంది. 12ఏయూ7 ప్లేట్ల దగ్గర ఎడమ 84, కుడి 161. 6080 కాథోడ్ల దగ్గర ఎడమ 106, కుడి 158. కుడివైపే వోల్టేజి ఎక్కువ ఉంది కాబట్టి ఆ వైపు బాగున్నట్టే కదా? కుడివైపు పెద్ద రెసిస్టర్ మాత్రం ఎడమదానికంటే బాగా వేడెక్కుతోంది, దాన్ని మార్చాలా? సర్క్యూట్ వివరాలు: ప్లేటు రెసిస్టర్లు 22 కిలో ఓమ్‌లు, 12ఏయూ7 కాథోడ్ రెసిస్టర్లు 470 ఓమ్‌లు, 6080 కాథోడ్ల కింద 3 కిలో ఓమ్‌ల 10 వాట్ల రెసిస్టర్లు, అవుట్‌పుట్ కెపాసిటర్లు 100 మైక్రోఫారడ్లు. ఎడమ ఛానల్‌కు 12ఏయూ7 లోని 1, 2, 3 పిన్నులు, కుడికి 6, 7, 8. హీటర్ సరఫరా 6.3 వోల్టుల ఏసీ. హెడ్‌ఫోన్ 300 ఓమ్‌లది.

సమాధానం: మీరు కొలతలు రాసి పంపడం ఎంతో మేలు చేసింది. వాటిని బట్టి లోపం ఎక్కడుందో బొటనవేలంత చోటుకు కుదించి చెప్పగలను. 12ఏయూ7 ఒకే గాజు బుడ్డిలో రెండు సగాలుగా ఉంటుంది, ఛానల్‌కు ఒకటి. కుడి ఛానల్‌కు పనిచేయాల్సిన సగభాగంలో కరెంటు ప్రవహించడం లేదు. ట్యూబు సాకెట్‌లో ఉన్నా ఆ సగం లేనట్టే. ఇన్‌పుట్ కేబుళ్ళు, వాల్యూమ్ కంట్రోల్, హెడ్‌ఫోన్ జాక్, అవుట్‌పుట్ కెపాసిటర్, వీటి జోలికి ఇప్పుడు వెళ్ళనక్కర్లేదు. సోల్డరింగ్ ఐరన్ కూడా కాసేపు పక్కన పెట్టండి. తెలియని లోపం కోసం టంకాలన్నీ మళ్ళీ వేస్తూ పోతే పాత లోపం అలాగే ఉండి కొత్తది చేరే ప్రమాదం ఉంది.

వోల్టేజి ఎక్కువ ఉంటే ఆ వైపు బాగున్నట్టే కదా అని అడిగారు. ట్యూబు సర్క్యూట్లలో కొత్తవారందరికీ తట్టే ఆలోచనే ఇది, కానీ ఇక్కడ లెక్క తిరగబడుతుంది. ట్యూబులో వేడెక్కి ఎలక్ట్రాన్లను విడిచేది కాథోడ్, వాటిని అందుకునేది ప్లేటు, మధ్యలో ఆ ప్రవాహాన్ని అదుపు చేసేది గ్రిడ్. కుళాయి కట్టేసి ఉన్నప్పుడే గొట్టంలో నీటి ఒత్తిడి నిండుగా ఉంటుంది, తిప్పగానే తగ్గుతుంది. ట్యూబు ప్లేటు దగ్గర వోల్టేజి కూడా అంతే. ట్యూబు పనిచేస్తూ కరెంటు లాగితే 22 కిలో ఓమ్‌ల రెసిస్టర్ మీద కొంత వోల్టేజి ఖర్చవుతుంది, మిగిలినదే ప్లేటు దగ్గర కనిపిస్తుంది. మీ ఎడమవైపు 172లో 84 పోగా 88 వోల్టులు ఆ రెసిస్టర్ మీద పడుతున్నాయి. 88ని 22 కిలో ఓమ్‌లతో భాగిస్తే 4 మిల్లీ ఆంపియర్లు. 12ఏయూ7 ఒక సగానికి ఈ సర్క్యూట్‌లో అది ఆరోగ్యకరమైన కరెంటు. కుడివైపు రెసిస్టర్ మీద పడుతున్నది 11 వోల్టులే, అంటే అర మిల్లీ ఆంపియర్.

ఆ అర మిల్లీ ఆంపియర్ కూడా 12ఏయూ7 తాగుతున్నది కాదని నా అభిప్రాయం. మీ సర్క్యూట్‌లో 12ఏయూ7 ప్లేటు మధ్యలో కెపాసిటర్ లేకుండా నేరుగా 6080 గ్రిడ్‌కు కలుస్తుంది. 12ఏయూ7 పనిచేయకపోతే ఆ గ్రిడ్‌ను 22 కిలో ఓమ్‌ల రెసిస్టర్ సరఫరా వోల్టేజి వైపు పైకి లాగుతుంది. గ్రిడ్ వెంట కాథోడ్ కూడా పైకి లేస్తుంది, కానీ ఒక హద్దు వరకే. 6080లో గ్రిడ్, కాథోడ్ సమానమైనప్పుడు ట్యూబు నిరోధం దాదాపు 280 ఓమ్‌లు. దాని కింద 3 కిలో ఓమ్‌లు ఉంటే 172 వోల్టులలో 157 వరకు కాథోడ్‌కు వస్తాయి. మీ కొలత 158. ఇంతకంటే పైకి కాథోడ్ పోలేదు, గ్రిడ్ మాత్రం ఇంకాస్త పైకి పోవాలని చూస్తుంది. కాథోడ్‌ను దాటగానే గ్రిడ్ తానే కరెంటు లాగడం మొదలుపెడుతుంది. 161, 158 మధ్య ఉన్న మూడు వోల్టుల తేడా దాని ఆనవాలే. మీ నాలుగు కొలతలూ ఒకదానితో ఒకటి ఇంత చక్కగా పొసగుతున్నాయి కనుకే అంత ధీమాగా చెబుతున్నాను.

పెద్ద రెసిస్టర్ వేడికి కారణం కూడా ఇందులోనే ఉంది. ఎడమవైపు 3 కిలో ఓమ్‌ల మీద 106 వోల్టులు పడుతున్నాయి, అంటే దాదాపు 3.7 వాట్ల వేడి. కుడివైపు 158 వోల్టులకు 8.3 వాట్లు. 10 వాట్ల రెసిస్టర్‌కు అది హద్దుకు దగ్గర. రెసిస్టర్ చెడిపోలేదు, మార్చకండి. అలాగని యాంప్లిఫయర్‌ను ఇదే స్థితిలో గంటల తరబడి ఆన్ చేసి ఉంచకండి. కొలతకు కావలసినంతసేపే కరెంటు ఇచ్చి ఆపేయండి.

లోపలికి చేయి పెట్టే ముందు భద్రత గురించి చెప్పాలి. ఇది మర్యాదకు చెప్పే మాటగా తీసుకోకండి. 172 వోల్టుల డీసీ, దాని వెనుక వందల మైక్రోఫారడ్ల కెపాసిటర్లు ప్రాణం తీయగలవు. ప్లగ్ తీసేయగానే పెట్టె నిర్జీవమైపోదు. సరఫరా కెపాసిటర్ 220 మైక్రోఫారడ్లు, దానికి అడ్డంగా పెట్టిన బ్లీడర్ రెసిస్టర్, అంటే కరెంటు ఆపాక చార్జిని మెల్లగా ఖాళీ చేసేది, 220 కిలో ఓమ్‌లు అనుకుందాం. వోల్టేజి మూడో వంతుకు కాస్త పైన నిలిచేసరికే 48 సెకన్లు పడుతుంది, దాదాపు సున్నాకు రావడానికి నాలుగు నిమిషాలు కావాలి. ట్యూబులు వేడిగా ఉన్నప్పుడు ఆపితే అవే కొంత చార్జిని తాగేస్తాయి. ట్యూబులు తీసేసి కరెంటు ఇచ్చి ఆపితే ఆ సాయం ఉండదు, చార్జి ఇంకా చాలాసేపు నిలుస్తుంది. బ్లీడర్ లేకపోతే గంటలు కూడా నిలవవచ్చు. అందుకే ప్రతిసారీ ప్లగ్ తీసి, ఆగి, మీటరుతో సరఫరా కెపాసిటర్ల మీద డీసీ కొలిచి, అది ఐదు వోల్టుల లోపుకు వచ్చాకే వేలు పెట్టండి. రాకపోతే 5 వాట్ల 4.7 కిలో ఓమ్‌ల రెసిస్టర్‌కు ఇన్సులేషన్ ఉన్న క్లిప్పు వైర్లు కట్టి కెపాసిటర్ రెండు కొసల మధ్య కొన్ని సెకన్లు పట్టి ఉంచండి. స్క్రూడ్రైవర్‌తో షార్ట్ చేయకండి. పెద్ద మెరుపు వస్తుంది, కెపాసిటర్ కూడా దెబ్బతినవచ్చు.

కరెంటు ఉండగా కొలవాల్సి వచ్చినప్పుడు మీటరు నల్ల వైరును మొసలి క్లిప్పుతో గ్రౌండ్‌కు ముందే కట్టేయండి. ఎర్ర కొసను ఒక్క చేత్తో పట్టుకోండి, రెండో చేయి పెట్టెకు తగలకుండా ఒళ్ళో ఉంచుకోండి. ఉంగరం, గడియారం తీసేయండి. హెడ్‌ఫోన్ తలకు పెట్టుకుని పరీక్షలు చేయవద్దు. 6080 కాథోడ్ దగ్గరున్న 158 వోల్టులకూ మీ చెవికీ మధ్య ఉన్నది ఒక్క కెపాసిటర్ మాత్రమే. హెడ్‌ఫోన్ విప్పి పక్కన పెట్టండి.

మొదట రోగ నిర్ధారణను మీరే స్వయంగా సరిచూసుకోవడానికి ఒక చిన్న పరీక్ష. ప్లగ్ తీసి, కెపాసిటర్లు ఖాళీ అయ్యాక, 12ఏయూ7ను సాకెట్ నుంచి తీసేయండి. 6080ను ఉంచండి. మళ్ళీ కరెంటు ఇచ్చి, 6080 వేడెక్కాక ఎడమవైపు ప్లేటు పిన్నును, అంటే సాకెట్ 1వ పిన్నును కొలవండి. ఇప్పుడది కూడా 160కి దగ్గరగా కనిపించాలి. రెండు వైపులా లోడు పెరిగింది కనుక సరఫరా కాస్త కిందికి దిగి అంకె కొద్దిగా మారవచ్చు, పర్వాలేదు. కొలత రాగానే ఆపేయండి, ఎందుకంటే ఇప్పుడు రెండు పెద్ద రెసిస్టర్లూ కాలుతుంటాయి. ట్యూబు తీసేసిన ఎడమవైపు, ట్యూబు ఉన్న కుడివైపు ఒకేలా కనిపిస్తే ఇక సందేహం అక్కర్లేదు.

రెండు ట్యూబులూ మార్చినా ఫలితం లేదని రాశారు. ఒక ఛానల్‌కు ఒక ట్యూబు ఉన్న యాంప్లిఫయర్లలో ఎడమ ట్యూబును కుడికి, కుడిదాన్ని ఎడమకు మార్చి చూస్తే లోపం ట్యూబుతో పాటు జరిగిందో లేదో తేలిపోతుంది. మీ పెట్టెలో ఆ సౌకర్యం లేదు. ఒకే గాజు బుడ్డిలో రెండు ట్రయోడ్లు, అంటే కాథోడ్, గ్రిడ్, ప్లేటు ఉన్న రెండు సగాలు, ఉన్నాయి, ఒకటి ఎడమకు, ఇంకొకటి కుడికి. కాబట్టి కొత్త ట్యూబు పెట్టి చూడడం తప్ప దారి లేదు, అది మీరు చేశారు. రెండు వేర్వేరు 12ఏయూ7లలో సరిగ్గా కుడివైపు సగమే చచ్చి ఉండడం నమ్మదగ్గ సంగతి కాదు. కాబట్టి లోపం సాకెట్‌లోనో, సాకెట్ చుట్టూ ఉన్న వైరింగ్‌లోనో ఉంది.

ఒక ట్రయోడ్‌లో కరెంటు ఆగిపోవడానికి దారులు ఎక్కువ లేవు. కాథోడ్ వేడెక్కకపోవడం, కాథోడ్ నుంచి గ్రౌండ్‌కు దారి తెగడం, ప్లేటు పిన్ను సరఫరాకు అందకపోవడం. గ్రిడ్‌ను ఈ జాబితాలో చేర్చలేదు. గ్రిడ్‌కు వచ్చే వైరు తెగినా, వాల్యూమ్ కంట్రోల్ పాడైనా ట్యూబు కరెంటు లాగుతూనే ఉంటుంది, ప్లేటు వోల్టేజి ఇంత పైకి పోదు. కేబుళ్ళను, వాల్యూమ్ కంట్రోల్‌ను మొదట్లోనే పక్కకు పెట్టమన్నది అందుకే.

నేను మొదట అనుమానించేది హీటర్‌ను, అంటే కాథోడ్‌ను వేడిచేసే తీగను. ట్యూబు వెలుగుతూనే ఉంది కదా అంటారేమో. 12ఏయూ7లో రెండు సగాలకూ వేర్వేరు హీటర్లు ఉంటాయి. ఒకటి 4వ పిన్నుకూ 9వ పిన్నుకూ మధ్య, ఇంకొకటి 5కూ 9కూ మధ్య. 12.6 వోల్టులు ఇవ్వదలిస్తే 4, 5 పిన్నుల మధ్య ఇస్తారు, 9ని ఖాళీగా వదిలేస్తారు. మీలాగా 6.3 వోల్టులు ఇవ్వాలంటే 4, 5 పిన్నులను ఒక చిన్న వైరుతో కలిపేసి, ఆ జంటకూ 9కూ మధ్య ఇవ్వాలి. ఆ చిన్న వైరు వేయడం మరిచిపోయినా, వేసినా టంకం ఒక పిన్నుకు అంటకపోయినా, ఒక సగం వేడెక్కుతుంది, రెండోది చల్లగా ఉండిపోతుంది. మీ లక్షణాలన్నీ దీనికి సరిపోతాయి. ఒక ఛానల్ నిక్షేపంగా పలుకుతుంది, రెండోది హమ్ కూడా లేకుండా నిశ్శబ్దంగా ఉంటుంది, ట్యూబు మార్చినా మారదు. ట్యూబు వెలుగుతూ కనిపిస్తుంది కనుక ఎవరూ హీటర్‌ను అనుమానించరు. కుడివైపు టంకాలన్నీ మళ్ళీ వేశానన్నారు. కానీ 4, 5 పిన్నుల మధ్య వైరు కుడివైపుదీ కాదు, ఎడమవైపుదీ కాదు, మీ చేయి దాని మీద పడి ఉండకపోవచ్చు.

దీన్ని రెండు విధాల చూడవచ్చు. గదిలో దీపం ఆర్పి, 6080 వెలుగు అడ్డు రాకుండా ఒక అట్టముక్క పెట్టి, 12ఏయూ7ను పైనుంచి చూడండి. ప్లేట్ల మధ్య, కాథోడ్ గొట్టాల పై కొసల దగ్గర రెండు నారింజ చుక్కలు కనిపించాలి. ఒకటే కనిపిస్తే సంగతి తేలినట్టే. కొన్ని ట్యూబులలో పైన ఉండే మైకా పలక, గాజు లోపలి వెండి పూత అడ్డుపడి స్పష్టంగా కనిపించదు. అప్పుడు మీటరే గతి. ట్యూబు సాకెట్‌లో ఉండగా కరెంటు ఇచ్చి, ఏసీ వోల్టుల శ్రేణిలో, సాకెట్ కింద పిన్నుల మధ్యే కొలవండి. ఈ ఒక్క కొలతకు మీటరు నల్ల వైరు గ్రౌండ్‌కు కాదు, పిన్నుకే పెట్టాలి. ఒక కొసను కరెంటు లేనప్పుడే క్లిప్పుతో తగిలించి ఉంచుకుంటే ఒక్క చేయి నియమాన్ని ఇక్కడా పాటించవచ్చు. 4, 9 మధ్య 6.3 రావాలి. 5, 9 మధ్య 6.3 రావాలి. 4, 5 మధ్య సున్నా రావాలి. 4, 5 మధ్య 6.3 వచ్చి, ఈ రెండింటిలో ఒకదానికీ 9కీ మధ్య సున్నా వస్తే ఆ చిన్న వైరు లేదు, లేదా అతుక్కోలేదు. వెనకటి ట్యూబును బయట పెట్టి చల్లగా ఉన్నప్పుడు దాని 4–9, 5–9 పిన్నుల మధ్య నిరోధం కూడా ఓసారి చూడండి. రెండూ కొన్ని ఓమ్‌లు, ఒకదానికొకటి దగ్గరగా ఉండాలి.

పిన్నుల లెక్క గురించి ఒక జాగ్రత్త. సాకెట్‌ను కింది నుంచి, అంటే టంకాలు వేసే వైపు నుంచి చూస్తూ, వెడల్పు ఖాళీ దగ్గర మొదలుపెట్టి గడియారం ముల్లు తిరిగే దిశలో 1 నుంచి 9 దాకా లెక్కించాలి. పైనుంచి చూస్తే దిశ తిరగబడుతుంది. మీ సాకెట్‌లో లెక్క మొత్తం తిరగబడి ఉంటే రెండు ఛానళ్ళూ పలికేవి కావు కాబట్టి అంత పెద్ద పొరపాటు జరగలేదు. కానీ 8కి వెళ్ళాల్సిన కాథోడ్ రెసిస్టర్ పక్కనున్న 9కి చేరడం లాంటివి జరగవచ్చు, చూడండి.

హీటర్ బాగుంటే రెండో అనుమానం కాథోడ్ దారి. ఇక్కడ ఒక్క డీసీ కొలత సగం కథ చెబుతుంది. ఎడమవైపు కాథోడ్, 3వ పిన్ను, 1.9 వోల్టుల దగ్గర ఉండాలి. 470 ఓమ్‌లలో 4 మిల్లీ ఆంపియర్లు పారితే వచ్చేది అంతే. ఇప్పుడు 8వ పిన్నును కొలవండి. అక్కడ సున్నా ఉంటే కాథోడ్ నుంచి ఎలక్ట్రాన్లు బయలుదేరడమే లేదు లేదా ప్లేటు దాకా దారి లేదు: హీటర్ చల్లగా ఉంది, లేకపోతే సాకెట్ లోపలి రేకు ట్యూబు పిన్నును పట్టుకోవడం లేదు, లేకపోతే 6వ పిన్ను దగ్గర వైరు అంటలేదు. అలా కాక 8 నుంచి 12 వోల్టుల దాకా కనిపిస్తే కాథోడ్ వేడిగానే ఉంది, గ్రౌండ్‌కు దారి మాత్రం తెగిపోయింది. దారి దొరకని కాథోడ్ పైకి తేలిపోయి, గ్రిడ్‌తో పోలిస్తే ఎంతో ఎత్తుకు చేరి, తన ప్రవాహాన్ని తానే ఆపేసుకుంటుంది. ఆ రెసిస్టర్ గ్రౌండ్ కొసలో టంకం పట్టలేదన్నమాట, లేదా రెసిస్టర్ లోపల తెగింది.

అదే అంకెను చూపించే మూడో కారణం ఒకటి ఉంది. సొంతంగా కట్టేవారి పెట్టెల్లో అది చాలా మామూలు: 470 ఓమ్‌ల చోట 470 కిలో ఓమ్‌ల రెసిస్టర్ పడడం. నాలుగు చారల రెసిస్టర్లలో 470 ఓమ్‌లకు పసుపు, ఊదా, గోధుమ. 470 కిలో ఓమ్‌లకు పసుపు, ఊదా, పసుపు. రాత్రిపూట పసుపు దీపం కింద గోధుమ, పసుపు పోల్చుకోవడం కష్టమే. దీనికి టంకం ఎన్నిసార్లు మళ్ళీ వేసినా ప్రయోజనం ఉండదు, మీకు లేకపోయినట్టే.

ఈ అనుమానాలన్నిటినీ కరెంటు లేకుండా ఒక్క దఫాలో వడగట్టవచ్చు. మీ దగ్గర బాగా పలికే ఎడమ ఛానల్ ఉంది, అంతకంటే మంచి సర్క్యూట్ చిత్రం దొరకదు. ప్లగ్ తీసి, కెపాసిటర్లు ఖాళీ అయినట్టు కొలిచి, ట్యూబులు రెండూ తీసేసి, మీటరును ఓమ్‌లలో పెట్టండి. ఒక కాగితం మీద ఎడమ, కుడి అని రెండు నిలువు వరుసలు గీయండి. 12ఏయూ7 సాకెట్‌లో 3వ పిన్ను నుంచి గ్రౌండ్‌కు, 8 నుంచి గ్రౌండ్‌కు: రెండూ 470 ఉండాలి. 1 నుంచి ప్లేటు సరఫరా బిందువుకు, 6 నుంచి అదే బిందువుకు: రెండూ 22 కిలో ఓమ్‌లు. 6080 సాకెట్‌లో 3, 6 పిన్నులు కాథోడ్లు, ఒక్కొక్కటి గ్రౌండ్‌కు 3 కిలో ఓమ్‌లు. 1, 4 పిన్నులు గ్రిడ్లు, వాటికీ 12ఏయూ7 ప్లేటు పిన్నులకూ మధ్య సున్నా లేదా మీరు పెట్టిన గ్రిడ్ రెసిస్టర్ విలువ. కెపాసిటర్ ఉన్న చోట అంకె నెమ్మదిగా పాకుతూ స్థిరపడుతుంది, ఓపిక పట్టండి. ఎడమకూ కుడికీ పొసగని అంకె కనిపించిన చోట ఆగండి. మీటరు కొసను వైరు మీద కాకుండా సాకెట్ పిన్ను రేకు మీదే ఆనించాలన్నది ఇక్కడ ముఖ్యం. చూడ్డానికి టంకం నిండుగా ఉండి, లోపల వైరుకు అంటని చోట్లు వైరు మీద కొలిస్తే దొరకవు.

అన్ని నిరోధాలూ సరిపోయి, హీటర్లూ సరిపోయి, 8వ పిన్ను రేకు దగ్గర ఇంకా సున్నానే ఉంటే మిగిలింది సాకెట్ ఒక్కటే. పిన్నును పట్టుకోవాల్సిన రేకు విచ్చుకుపోయి ఉండవచ్చు, లేదా టంకం లోపలికి కారి ఆ రంధ్రంలో గట్టిపడి ఉండవచ్చు. కెపాసిటర్లు ఖాళీగా ఉన్నప్పుడు, సన్నని సూదితో 6, 8 రంధ్రాలలోని రేకులను కొద్దిగా దగ్గరకు నొక్కండి. ట్యూబును నిలువుగా పెట్టి తీయండి, ఊపకండి. గాజుకు పిన్నులు అతికిన చోట పగుళ్ళు వస్తే గాలి లోపలికి పోతుంది, ఆ ట్యూబు ఇక పనికిరాదు. రేకు పట్టు కుదరకపోతే సాకెట్ మార్చడమే మేలు.

గ్రిడ్‌ను స్క్రూడ్రైవర్ కొనతో ముట్టి హమ్ వస్తుందేమో చూడమని కొందరు సలహా ఇస్తారు. దయచేసి ఈ సాకెట్ మీద ఆ పని చేయకండి. కుడి ఛానల్ గ్రిడ్ 7వ పిన్ను, దాని పక్కనే 161 వోల్టుల ప్లేటు, 6వ పిన్ను. కొన జారితే ప్లేటు, గ్రిడ్ కలిసిపోతాయి.

ఇదే లక్షణంతో ఇబ్బంది పడుతూ, డీసీ కొలతలు మాత్రం రెండు వైపులా సమానంగా వస్తున్న పాఠకులకు దారి వేరు. వారి ట్యూబులు బాగున్నాయి, సంకేతం ఎక్కడో తెగుతోంది. ఫోను నుంచి 200 హెర్ట్జ్ స్థిరమైన స్వరాన్ని రెండు ఛానళ్ళకూ ఇచ్చి, మీటరును ఏసీలో పెట్టి, ఇన్‌పుట్ నుంచి ముందుకు ఒక్కో చోటా ఎడమ, కుడి పోల్చుకుంటూ పోవాలి. 200 అన్నది ఎందుకంటే మామూలు మీటర్లు చాలావరకు కొన్ని వందల హెర్ట్జ్ దాటితే ఏసీని సరిగా కొలవలేవు. ప్లేటు, కాథోడ్ లాంటి డీసీ ఉన్న చోట ఎర్ర కొసకు 0.1 మైక్రోఫారడ్, 400 వోల్టుల కెపాసిటర్‌ను వరుసగా కలిపి కొలిస్తే డీసీ అడ్డు రాదు. వాల్యూమ్ కంట్రోల్ మధ్య కొస దగ్గర ఉన్న స్వరం గ్రిడ్ దగ్గర లేకపోతే ఆ మధ్య వైరు. 6080 కాథోడ్ దగ్గర ఉండి జాక్ దగ్గర లేకపోతే అవుట్‌పుట్ కెపాసిటర్, లేదా జాక్‌లో కుడి కొస గ్రౌండ్‌కు తగిలి ఉండడం. జాక్‌లో కొన ఎడమకు, మధ్య వలయం కుడికి, మొదలు గ్రౌండ్‌కు. హెడ్‌ఫోన్ తీసేసి, కరెంటు ఆపి, వలయానికీ మొదలుకూ మధ్య కొలిస్తే అవుట్‌పుట్‌లో గ్రౌండ్‌కు పెట్టిన రెసిస్టర్ విలువ కనిపించాలి. సున్నా కనిపిస్తే షార్ట్ దొరికినట్టే. ఇక శబ్దం బొత్తిగా లేకుండా పోక బలహీనంగా వస్తుంటే 22 కిలో ఓమ్‌ల చోట 2.2 కిలో ఓమ్‌ల రెసిస్టర్ పడిందేమో చూడాలి. అప్పుడు ప్లేటు 150 దాటి ఉంటుంది, కాథోడ్ కూడా 4 వోల్టుల దగ్గరకు లేస్తుంది. మీ కేసుకూ దానికీ తేడా పట్టించేది ఆ కాథోడే.

మీ యాంప్లిఫయర్ దగ్గరికి మళ్ళీ వస్తాను. లోపం దొరికి సరిచేశాక హెడ్‌ఫోన్ తగిలించే ముందు నాలుగు కొలతలూ మళ్ళీ తీయండి. కుడి ప్లేటు 84కి, కుడి కాథోడ్ 106కి దగ్గరగా దిగాలి. అచ్చంగా సమానం కావాలని పట్టుబట్టకండి. 6080 పుట్టింది విద్యుత్ సరఫరాలలో వోల్టేజిని నిలకడగా ఉంచే పనికి, సంగీతానికి కాదు. దాని రెండు సగాలు కవలల్లా ఉండాలన్న పట్టింపు తయారీదారులకు పెద్దగా లేదు. రెండు వైపుల మధ్య ఐదారు వోల్టుల తేడా మామూలే.

కుడివైపు అవుట్‌పుట్ కెపాసిటర్ మీద రాసి ఉన్న వోల్టేజిని తప్పకుండా చదవండి, మీ ఉత్తరంలో అది లేదు. ఇన్నాళ్ళూ అది 106కి బదులు 158 వోల్టులు మోసింది. 250 వోల్టులది అయితే దిగులు లేదు. 160 వోల్టులది అయితే ఇప్పుడు రెండు వైపులా 250 వోల్టులవి వేసేయండి. యాంప్లిఫయర్‌ను ఆన్ చేసిన మొదటి క్షణాల్లో, 12ఏయూ7 పూర్తిగా వేడెక్కక ముందే 6080 మేలుకుంటే కాథోడ్ వోల్టేజి పైకి ఎగరవచ్చు. కాబట్టి బాగున్న ఛానల్‌లో కూడా అంత తక్కువ విలువ సరిపోదు. ప్లస్ కొస కాథోడ్ వైపు ఉందో లేదో కూడా అప్పుడే చూసుకోండి.

ఆ తర్వాత హెడ్‌ఫోన్ బదులు 330 ఓమ్‌ల రెసిస్టర్‌ను జాక్‌కు కట్టి అరగంట నడపండి. జాక్ దగ్గర డీసీ కొన్ని మిల్లీవోల్టులకు మించకుండా ఉంటే, పెద్ద రెసిస్టర్లు రెండూ ఒకే మోతాదులో వేడెక్కుతుంటే, వాల్యూమ్ సున్నాలో పెట్టి హెడ్‌ఫోన్ తగిలించండి. ఇవన్నీ చేశాక కూడా కుడివైపు పలకకపోతే 3, 8 పిన్నుల డీసీ కొలతలూ, 4–9, 5–9, 4–5 పిన్నుల మధ్య ఏసీ కొలతలూ, ఎడమ కుడి నిరోధాల కాగితమూ పంపండి. వాటిని బట్టి తర్వాత ఎక్కడ చూడాలో రాస్తాను.